నాలుగు వందల పన్నెండు ‘చూద్దాం’లు

బెండకాయలు ఏరడం చేతకాని మనిషి, మనుషుల్ని ఏరే యంత్రం కనిపెట్టాడు. మొగుడి మీద ఇంతకన్నా పెద్ద ఫిర్యాదు ఏ ఇల్లాలూ చేసి ఉండదని సుభాషిణి నమ్మకం.

పెళ్లయి ఇరవై ఒక్క ఏళ్లు. ఈ ఇరవై ఒక్క ఏళ్లలో గౌరీశ్వరరావు తెచ్చిన బెండకాయల్లో కొన టప్పున విరిగినది ఒక్కటీ లేదు. “కొన విరిచి చూడండి. విరిగితే లేతది, వంగితే ముదురుది” అని కాపురానికొచ్చిన మొదటి నెల్లోనే చెప్పింది. నడిబజారులో నిలబడి కూరగాయల తోకలు విరవడం ఇంజనీరుగారికి నామోషీ. అందుకని పొడుగ్గా, దిట్టంగా, ఫొటోకి నిలబడ్డట్టు నిటారుగా ఉన్నవన్నీ ఏరి సంచీ నింపుకొచ్చేవాడు. వాటిని కోయడానికి కత్తిపీట చాలదు, రంపం కావాలి.

అలాంటి మనిషి కనిపెట్టిన యంత్రం పేరు గీటురాయి. చూడ్డానికి అప్పడం అంత నల్లటి బిళ్ల. దాని మీద అరచెయ్యి ఆనించి మాట్లాడాలి. గొంతులో వణుకు, చేతిలో చెమట, నాడి కొట్టుకునే తీరు, వాడిన మాట, అన్నీ కలిపి తూచి, ఈ మనిషి అన్న మాటకీ రేపు చేయబోయే పనికీ ఎంత దూరమో లెక్క కడుతుంది. వందకి ఇంత అని ఒక అంకె చూపిస్తుంది.

అది మొదటిసారి పనిచేసిన రోజున గౌరీశ్వరరావు చిన్నపిల్లాడిలా వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు.

“సుభా, చెయ్యి పెట్టు. రేపు పొద్దున్న పెసరట్లు వేస్తావా?”

“పప్పు నానబోశాను కదండీ. వేస్తాను.”

తొంభై ఏడు.

“చూశావా! నీకు తొంభై ఏడు!”

“ఇరవై ఒక్క ఏళ్లు నా చేతి ముద్దలు మింగాక మీరిచ్చిన సర్టిఫికెట్టు,” అంది సుభాషిణి, చేతికంటిన పిండి కడుక్కుంటూ. “ఆ మిగతా మూడూ ఎక్కడ పోయాయో కనుక్కోండి.”

దాన్ని తయారు చేసిన రెండేళ్లూ ఆ బిళ్ల వాళ్ల భోజనాల బల్ల మీదే ఉంది, ఊరగాయ జాడీకీ మంచినీళ్ల చెంబుకీ మధ్య. ఇరవై వేలమంది ఉద్యోగుల గొంతులు దానికి వినిపించాడు. కానీ ఒక చిక్కు వచ్చింది. రికార్డుల్లో మనుషులు ఏమన్నారో ఉంటుంది గానీ, అన్నాక ఏం చేశారో ఉండదు. పైగా అవన్నీ ఆఫీసు మాటలు. అవును, కాదు, సరే, అలాగే లాంటి ఇంటి మాటల్లో ఏది నిజమో, ఏది నీళ్ల మీద రాతో దానికెలా తెలియాలి?

“అందుకే దీన్ని ఇక్కడ పెట్టాను,” అన్నాడు గౌరీశ్వరరావు అన్నం కలుపుతూ. “మన మాటలు వింటూ ఉంటుంది. ఏదైనా పని చేస్తామని అన్నాక, మళ్లీ ఆ పని గురించి మాట రాలేదనుకో, పని జరిగినట్టు. మళ్లీ మళ్లీ అదే మాట వచ్చిందనుకో, జరగనట్టు. అలా నేర్చుకుంటుంది.”

“గురువు మీరైతే పాపం దాని చదువు ఏమవుతుందోనండీ,” అంది సుభాషిణి. అప్పుడది వట్టి ఎగతాళే.

*

గౌరీశ్వరరావు పనిచేసే ‘మధుజల’ అనే సంస్థ భీమిలి దారిలో సముద్రపు ఒడ్డున ఉంది. ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే ప్లాంటు. కట్టడం అయిపోయింది. నడిపించి బాగుచేసుకునేందుకు పన్నెండుమంది మెకానిక్కులు కావాలి. మేనేజింగ్ డైరెక్టరు వరాహమూర్తి గారు పేపర్లో ప్రకటన వేయించారు: “సవాళ్లను ప్రేమించే, ఉత్సాహంతో ఉరకలెత్తే యువశక్తి కావలెను.” ఎనిమిది వందలమంది ఉరకలెత్తుకుంటూ వచ్చారు. గీటురాయి రెండు రోజుల్లో అందరి చేతులూ పట్టుకుని చూసి, తొంభై దాటిన పన్నెండుమందిని వేరు చేసి పెట్టింది. ఒడ్డు పొడుగునా ఉన్న మిగతా కంపెనీలవాళ్లు కూడా ముచ్చటపడి, మనిషికొకసారి వచ్చిన అంకెనే ఐదేళ్లపాటు అందరం వాడుకుందామని ఒప్పందం రాసుకున్నారు.

ఆ ఎనిమిది వందల్లో ఒకరిని పంపింది సుభాషిణే.

ఆవిడ పేరు నూకాలు. నలభైకి రెండు మూడు తక్కువ. పెళ్లికి ముందు నాన్నతోనూ, తర్వాత మొగుడితోనూ కలిసి చేపల బోట్ల ఇంజన్లు విప్పి బిగించిన చేతులు. బోట్లు తగ్గాక మధురవాడలో మోటార్లు బాగుచేసే కొట్టు పెట్టుకుంది. ఒకసారి సుభాషిణి గ్రైండరు మూలుగుతూ ఆగిపోతే వచ్చింది.

“బాగవుతుందంటావా నూకాలూ?”

“సూద్దామమ్మా.”

ఆ ఇంట్లో ఆ మాటకి ఒకటే అర్థం. ఇక ఈ జన్మకి ఇడ్లీ లేదనుకుని కాఫీ కలపడానికి లోపలికెళ్లింది. తిరిగొచ్చేసరికి నూకాలు గ్రైండరు ముందు గొంతుక్కూర్చుని, చెవి దానికి ఆనించి, ఏమీ ముట్టుకోకుండా వింటోంది. అయిదు నిమిషాలు విని, ఒక్క మర విప్పి, లోపల చిక్కుకున్న మినపపొట్టు ఉండని వేలితో తీసి పారేసింది. కాఫీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

అలాంటి మనిషిని పంపితే వచ్చిన అంకె పంతొమ్మిది.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం నూకాలు మళ్లీ గుమ్మంలోకి వచ్చింది. ఈసారి చేతిలో పనిముట్ల సంచీ లేదు.

“ఏటమ్మా, బావున్నారా? ఒకటడగాలని వచ్చాను. ఈ పంతొమ్మిది ఎప్పటికి పోద్ది?”

“కూర్చో నూకాలూ. ఏమైంది?”

“అయిసు ఫ్యాక్టరీలో పదేళ్ల నుంచీ నానే కదమ్మా మోటార్లు సూసేది. మొన్న ఎల్తే, నీకు పంతొమ్మిదంట, నిన్ను రానిస్తే మమ్మల్ని మాటంటారు అన్నారు. రొయ్యల కంపెనీలోనూ అదే. నా సేతులు ఎవుళూ సూడ్డం లేదు, అంకే సూస్తన్నారు.” నవ్వింది గానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. “మా గుంట బళ్లో సెప్పిందట, మా అమ్మ పంతొమ్మిదీ అని. అదేదో బస్సు నంబరనుకున్నాది.”

సుభాషిణికి నవ్వు రాలేదు.

“ఇంటర్వ్యూలో ఏమడిగారు?”

“పంపు ఆగిపోతే ఏటి సేస్తావన్నారు. సూద్దామండీ అన్నాను. మోటారు కాలిపోతేనో అన్నారు. సూద్దామండీ అన్నాను. ఇంకేటంటాం? సూడకుండా ఎలా సెప్తాం?”

“నేను పంపబట్టే కదా ఇదంతా. నీ పంతొమ్మిది నేను తీయిస్తాను,” అంది సుభాషిణి. అని, ఎలా తీయిస్తుందో తనకే తెలియక గుమ్మంలోనే చాలాసేపు నిలబడింది.

*

ఇంట్లో మరో మనిషి కూడా నలిగిపోతున్నాడు. తొంభై దాటిన పన్నెండుమందిలో ఏడుగురు రెండు నెలల్లో చెప్పాపెట్టకుండా వెళ్లిపోయారు. ఉన్న అయిదుగురూ మాట్లాడుతుంటే వినబుద్ధేస్తుంది, పని చేస్తుంటే చూడబుద్ధి కాదు. ప్లాంటుకి అనుమతి రావాలంటే డెబ్బై రెండు గంటలు ఒక్క నిమిషం ఆగకుండా నడిపి చూపించాలి. నాలుగో నంబరు పంపు రెండుసార్లు మధ్యలో మొరాయించింది. మూడోసారీ ఆగిందా, గేటుకి తాళమే. గడువు ఇరవై రోజులు. గౌరీశ్వరరావు ఇడ్లీలని కొరకకుండా చూస్తూ కూర్చునే స్థితికొచ్చాడు.

“ఏవండీ, ఆ నూకాలుని ఇంకోసారి పరీక్ష చేయకూడదూ?”

ఆయన ఇంటికి తెచ్చిన గీటురాయిని కండువాతో తుడుస్తున్నాడు. “చూద్దాం,” అన్నాడు.

బిళ్ల మీద అంకె వెలిగింది. మూడు.

తుడుస్తున్న చెయ్యి దాని మీదే ఉంది. ఆయన చూడలేదు. సుభాషిణి చూసింది.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్లగానే బిళ్లని తిప్పి చూసింది. వెనకాల చిన్న మీట, పక్కన ‘ఎందుకు’ అని రాసి ఉంది. అంకె ఎందుకు వచ్చిందో చెప్పే ఏర్పాటు. ఎవరూ దాన్ని నొక్కిన జాడ లేదు. అంకె చేతికొచ్చాక కారణం ఎవడిక్కావాలి? ఆవిడ బీఎస్సీ కెమిస్ట్రీ. పరీక్షనాళికలో రంగు మారితే ఎందుకు మారిందో రాయకపోతే మార్కులు పడవని నేర్చుకున్న తరం. నొక్కింది.

బస్సు టికెట్టులా సన్నటి కాగితం బయటికొచ్చింది.

“మాట: చూద్దాం. విన్న చోటు: భోజనాల బల్ల. విన్నది: నాలుగు వందల పన్నెండు సార్లు. అటక మీద సామాను దించడం, అరవై ఒకటి. బాత్రూము గడియ, నలభై నాలుగు. గీజరు, ముప్ఫై ఎనిమిది. అరకు ప్రయాణం, పంతొమ్మిది…” జాబితా మోచేతి దాకా వేలాడింది. చివర్న: “జరిగిన పనులు: ఒకటి. వరాహమూర్తి గారికి ఫోను చేయడం. నిర్ణయం: ఈ మాట అన్నవారు ఆ పని చేయరు.”

సుభాషిణి పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటుంటే పంతొమ్మిది గుర్తొచ్చి, ఆ నవ్వు సగంలో తెగిపోయింది. యంత్రం అబద్ధం చెప్పలేదు. గురువు ఏం చేసి చూపిస్తే అదే నేర్చుకుంది. ఈయన దించని సామానుకి నూకాలు నోటికాడ కూడు పోయింది. నూకాలు ఒక్కతేనా? ఆ ఎనిమిది వందల్లో చేయి పెట్టి చూస్తేగానీ మాట ఇవ్వని వాళ్లంతా ‘చూద్దాం’ అనే ఉంటారు. చూడకుండానే “చిటికెలో చేసేస్తాం సార్” అన్నవాళ్లకి తొంభైలు పడ్డాయి.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చాడు.

“ఏవండీ, మీ యంత్రానికి తెలుగు సరిగ్గా రాదనుకుంటాను.”

“ఇరవై వేల గొంతులు విన్న యంత్రం సుభా అది. నీ గ్రైండరు బాగుచేసిన ఆవిడ కోసం దాన్ని తప్పంటే ఎలా? నాకు లక్ష తలనొప్పులున్నాయి.”

కాగితం చూపించబోయిన చెయ్యి ఆగిపోయింది. చూపిస్తే ఏమంటాడో ఆవిడకి తెలుసు. ‘సరిచేద్దాంలే, చూద్దాం’ అంటాడు. నాలుగు వందల పదమూడు. కాగితాన్ని మడిచి పోపుల డబ్బాలో జీలకర్ర గిన్నె కింద పెట్టింది. ఆ ఇంట్లో ఆయన చెయ్యి ఎప్పటికీ పడని చోటు అదొక్కటే.

*

ఆదివారం వరాహమూర్తి గారు మంతనాలకి భోజనం వేళకి వచ్చారు. పెద్దమనిషి, మాట పెళుసు. సుభాషిణి ఆరోజు బెండకాయ వేపుడు చేసింది. గౌరీశ్వరరావు స్వయంగా ఏరి తెచ్చిన బెండకాయలు.

డైరెక్టరుగారు ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలారు. ఇంకా నమిలారు. చివరికి మర్యాద పక్కన పెట్టి పీచు తీసి కంచం అంచున పెట్టారు.

“అమ్మా, ఈ బెండకాయలు…”

“చూపుకి ఎంత బావున్నాయనుకున్నారు సార్! ఒక్కొక్కటీ జానెడు. సంతలో వాటికి తొంభై రెండు మార్కులు పడి ఉంటాయి,” అంది సుభాషిణి నెయ్యి వడ్డిస్తూ. “విరిచి చూస్తే తెలిసేది. మా వారికి విరిచి చూడటం నామోషీ.”

వరాహమూర్తి గారు ఆవిడ వంకా, కంచంలో పీచు వంకా, తల దించుకున్న ఇంజనీరు వంకా చూశారు. అంత పెద్ద సంస్థని ఊరికే నడపడం లేదు ఆయన.

“ఏం చెయ్యమంటారు, చెప్పండమ్మా.”

“నాకు ఒక ప్రకటన, ఒక రోజు, మీ నాలుగో నంబరు పంపు ఇవ్వండి. అంకె అడక్కూడదు.”

“సుభా!” అన్నాడు గౌరీశ్వరరావు.

“నువ్వుండవయ్యా. గడువు పదహారు రోజులుంది. నీ దగ్గర ఇంకేమైనా మార్గం ఉందా?” అన్నారు డైరెక్టరుగారు. గౌరీశ్వరరావు దగ్గర బెండకాయ వేపుడు తప్ప ఏమీ లేదు.

ఆ మధ్యాహ్నమే సుభాషిణి ప్రకటన రాసింది:

“పని ఉప్పులో. చేతులు పగులుతాయి. యంత్రాలు మొండివి, ముఖ్యంగా నాలుగో నంబరు పంపు. క్యాంటీన్లో పప్పు పల్చన. చెడిపోయినదాన్ని బాగుచేస్తే తప్ప నిద్రపట్టని వాళ్లు రండి. ముందు మీరు మా పని చూడండి, మా మనుషుల్ని ఏమడగాలో అడగండి. తర్వాత మేం మిమ్మల్ని చూస్తాం. ఆ రోజు కూలీ, భోజనం మావి. గీటురాయి ఉండదు.”

“ఇది ప్రకటనా, మా మీద పిటిషనా?” అన్నారు వరాహమూర్తి గారు. “ఆ పప్పు సంగతి తీసెయ్యండమ్మా. పరువు పోతుంది.”

“వాక్యమైనా తీసెయ్యండి సార్, పప్పైనా చిక్కబెట్టండి. ఏదో ఒకటి.”

ఆయన గడ్డం గోక్కుని పప్పు చిక్కబెట్టమని ఫోను చేశారు. తర్వాత ‘చేతులు పగులుతాయి’ అన్న వాక్యం మరోసారి చదివి, చేతి తొడుగులు కూడా తెప్పించమన్నారు. మనుషులు ఒక్కరూ రాకముందే ప్లాంటు కొంచెం బాగుపడింది.

*

అరవై ముగ్గురు వచ్చారు. గీటురాయి ముందు ముప్ఫై దాటని వాళ్లే ఎక్కువ. బస్సు డిపోలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన ఆయన, ప్రతి మాటకీ నత్తి అడ్డుపడే ఒక వెల్డరు, ఉప్పు గాలిలో బతకడం అలవాటైన వాళ్లు. అంకె అడగరని విని వచ్చిన, తొంభైకి కాస్తలో తప్పిన వాళ్లూ కొందరున్నారు. చివర్లో నూకాలు, కొడవలిలా వంగిన పాత పానాతో సహా. సుభాషిణి రమ్మంటే రానంది. “మళ్లీ ఇంకో అంకె ఇస్తారేమో” అంది. పిలవగా పిలవగా వచ్చింది.

నాలుగో నంబరు పంపు దగ్గర ఒకే ప్రశ్న. “ఇది అరుస్తోంది. ఏం చేస్తారు?” పంపు నిజంగానే గులకరాళ్లు నమిలినట్టు కరకరమంటోంది. ఇంజనీర్లు మూడుసార్లు బేరింగులు మార్చారు. లాభం లేదు.

సుభాషిణి కుర్చీ వేసుకుని, వాళ్ల మాటల్ని కాదు, కళ్లని చూస్తూ కూర్చుంది. అది ఆవిడ ఇరవై ఒక్క ఏళ్ల పరిశోధన. ‘చూద్దాం’ రెండు రకాలు. అనగానే కళ్లు పైకప్పు మీదికి పోయేది ఒకటి. అనగానే కళ్లు వస్తువు మీదికి వంగేది రెండోది. మొదటిది భోజనాల బల్ల దగ్గర దొరుకుతుంది.

“అరగంటలో సెట్ చేసేస్తాను మేడం!” అన్నాడొకడు, పంపు వంక చూడకుండానే.

“చ…చ…చూద్దాం,” అన్నాడు వెల్డరు, అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని.

నూకాలు వంతు వచ్చింది. ‘సూద్దాం’ అనబోయి నాలుక కరుచుకుంది. ఆ మాట ఎంత ఖరీదైనదో ఆవిడకి తెలుసు.

“అనవే,” అంది సుభాషిణి నెమ్మదిగా. “అను, పరవాలేదు.”

“సూద్దాం,” అని నూకాలు పంపు ముందు గొంతుక్కూర్చుంది. చెవి గొట్టానికి ఆనించింది. చాలాసేపటికి తల తిప్పింది. “బాబూ, ఇది రోజంతా అరుస్తాదా? ఆటులో అరిసి, పోటులో ఊరుకుంటాదా?”

గౌరీశ్వరరావు ముఖం చిట్లించాడు. “ఆటుపోట్లకీ పంపుకీ ఏంటమ్మా సంబంధం?”

“సూడండి బాబూ, రాసుంటారు కదా.”

కంప్యూటర్లో లెక్కలు తెరిచారు. పంపు మొరాయించిన గంటలు ఒక పక్క, సముద్రం వెనక్కి తగ్గిన గంటలు ఒక పక్క పెట్టి చూశారు. అద్దంలో బొమ్మలా సరిపోయాయి.

“దీనికి రోగం లేదు, దాహం,” అంది నూకాలు లేస్తూ. “సంద్రంలో మీ గొట్టం మూతికి జల్లెడ ఉంటాది కదా, దానికి ఆల్చిప్పలు పట్టేసుంటాయి. నీళ్లు తగ్గితే ఊపిరాడక అరుస్తంది. మా బోట్లకీ ఇదే. గోకితే పోద్ది.”

మంచినీళ్లు చేసే ప్లాంటులో పంపు దాహంతో చస్తోందని కనిపెట్టడానికి ఇరవై వేల గొంతులు పనికిరాలేదు. సాయంత్రానికి ఈతగాళ్లు రెండు గోనెల ఆల్చిప్పలు గోకి తెచ్చి గట్టున పోశారు.

ఆ రోజు పన్నెండుమందిని తీసుకున్నారు. వాళ్లకి అప్పటికి ఉన్న అంకెల సగటు ఇరవై నాలుగు.

*

మూడోసారి పరీక్ష మొదలైంది. అధికారులు గడియారాలు పట్టుకుని కూర్చున్నారు. మొదటి రోజు ఒక గొట్టం చెమర్చింది. నత్తి వెల్డరు ఎవరికీ చెప్పకుండానే అతికేశాడు, చెప్పడానికి పట్టే సమయంలో పని అయిపోతుందని. రెండో రోజు ఆటు వేళకి అందరూ నాలుగో నంబరు చుట్టూ మూగారు. అది పాలు తాగిన పిల్లిలా గుర్రుగుర్రుమంటూ నడిచింది. నాలుగో రోజు మధ్యాహ్నం పన్నెండు దాటి అయిదు నిమిషాలకి డెబ్బై రెండో గంట నిండింది. సైరను మోగింది. నూకాలు తొడుగులు విప్పి, క్యాంటీను కొళాయి తిప్పి, దోసిట్లో నీళ్లు పట్టి తాగింది.

“ఎలా ఉన్నాయి?” అనరిచారు వరాహమూర్తి గారు.

“పప్పుకన్నా పల్చగున్నాయి బాబూ!”

క్యాంటీనంతా ఈలలు. ఒడ్డు కంపెనీల పెద్దలు కూడా చూడ్డానికొచ్చారు. వాళ్లలో ఒకాయన నిలబడి, “అంతా బావుంది గానీ, ఇరవై నాలుగు సగటున్న వాళ్లు ఎలా నెగ్గారండీ? మా దగ్గరున్న అంకెలు నమ్మాలా, వద్దా?” అనడిగాడు. అందరి తలలూ గౌరీశ్వరరావు వైపు తిరిగాయి. మూడు రోజులుగా సరిగ్గా తినని ఆయన అప్పుడే సుభాషిణి ఇంటి నుంచి తెచ్చిన క్యారియరు పై గిన్నె మూత తీశాడు, ఊరగాయ కోసం.

ఊరగాయ లేదు. జీలకర్ర వాసనేసే సన్నటి కాగితం ఉంది.

చదవడం మొదలుపెట్టాడు. అటక, అరవై ఒకటి. గడియ, నలభై నాలుగు. చెవులు ఎర్రబడ్డాయి. చివరి వాక్యం రెండుసార్లు చదివాడు. బల్ల అవతల సుభాషిణి చిక్కటి పప్పు వడ్డించుకుంటూ, ఏమీ ఎరగనట్టు నెయ్యి కోసం వెతుకుతోంది.

ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ‘ఇంకా పరిశోధించాలి’ అంటే సరిపోయేది. సుభాషిణి గరిట ఆగింది. ఆయన ఏం చేస్తాడో చెప్పమని ఇప్పుడు గీటురాయి మీద చెయ్యి పెట్టమంటే, ఆవిడ అరచెయ్యి కూడా చెమర్చేదే.

గౌరీశ్వరరావు లేచి నిలబడ్డాడు. కాగితాన్ని పైకి పట్టుకున్నాడు.

“అంకెలన్నీ రద్దు చేయండి. ఎనిమిది వందలూ. ప్రతి కంపెనీకీ, ప్రతి మనిషికీ నేనే ఈ వారంలో స్వయంగా ఉత్తరం రాస్తాను.” గొంతు సవరించుకున్నాడు. “శిక్షణకి వాడిన నమూనాలో గృహవాతావరణానికి సంబంధించిన ఒక పక్షపాతం ప్రవేశించడం వల్ల, ఒకానొక పదప్రయోగం విషయంలో…”

“అదేటి బాబూ?” అంది నూకాలు, చేతిలో గ్లాసుతో. “తెలుగులో సెప్పండి.”

గౌరీశ్వరరావు ఒకసారి పైకప్పు వంక చూడబోయాడు. చూడలేదు. కళ్లు దించి, నేరుగా నూకాలు చేతుల వంక చూశాడు.

“నేను మా ఆవిడకి ‘చూద్దాం’ అని చెప్పి నాలుగు వందల పదకొండు సార్లు పని ఎగ్గొట్టాను. అది చూసి, ఆ మాట అనే వాళ్లంతా నాలాంటి వాళ్లే అనుకుంది ఈ యంత్రం. దాని తప్పు కాదు. నీ తప్పసలే కాదు. తప్పు నాదమ్మా.”